ఫోను గోడ

పోయిన మంగళవారం మా రైల్వే పార్సిల్ ఆఫీసులో ఒక అమ్మాయి నన్ను పక్కకు జరగమంది. పాతికేళ్లు కూడా ఉండవు. భర్త ఫౌజులో, అంటే మిలటరీలో, ఉన్నాడట, ఆయనకు కొత్త చోటికి పోస్టింగు వస్తే మోటారు సైకిలు అక్కడికి పంపడానికి వచ్చింది. నేను కాగితాలు రాస్తుంటే భర్త దగ్గర్నుంచి వీడియో ఫోను వచ్చింది. చూసి గబుక్కున లేచి, మొహం తుడుచుకుని, "ఆంటీజీ, జరా హటియే, పీఛే వో దిఖ్ రహా హై" అంది. నా వెనకాల ఏదో కనిపిస్తోందట. తిరిగి చూశాను. గోడకు పాత స్ట్రెచరు ఒకటి ఆనించి ఉంది, స్టేషనులో ఎవరికైనా ఏదైనా అయితే మోసుకుపోవడానికి పెట్టింది. నేను జరిగినా అది కనపడుతూనే ఉంది. చివరికి ఆ అమ్మాయే కొత్తగా సున్నం వేసిన మూలకు పోయి నిలబడి, "హాఁ జీ, సబ్ బఢియా" అని, అంతా బాగుందని నవ్వింది.

ఆ రోజు మళ్ళీ పని మీద మనసు నిలబడలేదు. బిలాస్‌పూర్ పక్కనున్న ఉస్లాపూర్‌లో మా పక్కింట్లో పదకొండేళ్లు ఉండి వెళ్ళిపోయిన మనిషే కళ్ళ ముందు తిరిగింది. ఆవిడ పేరు రాయను. తన సంగతి తన నోటితో కాకుండా బయటపడితే ఆవిడకు ఎంత కష్టమో నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. తెలిసీ రాస్తున్నానంటే నా బుద్ధి ఇంకా బాగుపడలేదనే అర్థం.

వాళ్ళదీ మాదీ శ్రీకాకుళం వైపే. తాతల కాలంలో రైల్వే పనికి బిలాస్‌పూర్ వచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబాలు. ఆవిడ మావగారు వేగన్ షాపులో కార్పెంటరు చేసి, రిటైరయ్యాక క్వార్టరు ఖాళీ చేసి, మా ఇంటిని ఆనుకుని రెండు గదులూ రేకుల వంటిల్లూ వేసుకున్నారు. భార్య అంతకుముందే పోయింది. ఒక్కడే కొడుకు, రైల్వే వద్దని ఫౌజులో చేరాడు. ఆ కొడుకు భార్యే ఈవిడ. మూడేళ్ల కూతురిని చంకనేసుకుని మావగారి దగ్గరికి వచ్చేసింది, ఎందుకంటే భర్తకు పోస్టింగు పడ్డ చోటికి కుటుంబాన్ని తీసుకెళ్ళనివ్వరు. నాకన్నా పదిహేనేళ్లు చిన్న. నన్ను అక్కా అనేది.

ఫోను గోడ అంటే ఏమిటో చెప్పాలి. ముందు గదిలో వీధి వైపు గోడ ఒక్కటే ఆ ఇంట్లో చెమ్మ ఎక్కని గోడ. దానికి లేత నీలం రంగు ఆవిడే వేసింది. ఒక స్టూలు, ఒక దేవుడి క్యాలెండరు, సీసాలో మనీప్లాంటు తీగ, అంతే. భర్త ఫోను వచ్చే పూట ఆ గోడ ముందు హడావిడి చూస్తే పెళ్ళిచూపులు గుర్తొచ్చేవి. ముందు పిల్లకు రెండు జడలు. తరవాత మావగారికి ఇస్త్రీ చొక్కా. ఆయనకు పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి పడిపోయింది. కుర్చీని కాస్త వాలుగా వేసి కుడివైపు మాత్రమే ఫోనులో పడేలా కూర్చోబెట్టేది. తరవాత మొదటి ఛుట్టీకి, సెలవు మీద వచ్చినప్పుడు, కొడుకు ఆ చెయ్యి చూడనే చూశాడు, చూసి కుమిలిపోయాడు. అయినా ఫోనులో మాత్రం కుడివైపే. ముసలాయన కూడా అందులో ఆరితేరిపోయారు. "అమ్మా, మీసం దువ్వినావా? కెమెరా ఎత్తు మీద పెట్టు, మెడ ముడతలు కనపడతన్నాయి" అనేవారు.

చివర్న తను కూర్చునేది. పమిట చెంగుతో మొహం ఒత్తుకుని, వేలు తడిచేసి బొట్టు అంచు సరిచేసుకుని, రెండుసార్లు దగ్గి గొంతు మార్చేది. ఆవిడకు రెండు గొంతులు. ఇంటి గొంతు కాస్త బొంగురు, కూరగాయల బండివాడితోనూ కరెంటువాడితోనూ ఛత్తీస్‌గఢీలో దెబ్బలాడే గొంతు. ఫోను గొంతు మెత్తగా, తీరికగా ఉండేది. "అంతా బాగుందండి. మావయ్య బాగున్నారు. పిల్ల బాగా చదువుతంది. మీరు తిన్నారా?" ఏళ్ల తరబడి అదే వరస. గాలివానకు వంటింటి రేకు ఎగిరిపోయి, బియ్యమంతా తడిసి, ఆవిడ మోకాలు చీరుకుపోయిన రోజున కూడా అదే వరస. ఆ రోజు పిల్ల ఉండబట్టలేక తండ్రితో, "పాపా, ఛత్..." అని మొదలుపెట్టింది. ఆవిడ నవ్వుతూనే పిల్ల తొడ మీద గిల్లింది. "ఛత్ పర్ బందర్ ఆయా థా" అని సర్దుకుంది పిల్ల, కప్పు మీదికి కోతి వచ్చిందని. అప్పటికి దానికి ఆరేళ్లు. అంత తొందరగా అబద్ధం అల్లిన పిల్లను చూసి నేను నవ్వాను గాని, నాకేమీ బాగనిపించలేదు.

నిజానికి ఆవిడ పద్ధతికి నాకు ఒళ్ళు మండేది. మావారు గూడ్స్ గార్డు. ముప్పై గంటల డ్యూటీ చేసి వస్తే, చెప్పులు విప్పకముందే నా ఫిర్యాదులన్నీ గుమ్మంలోనే దించేస్తాను. మొగుడన్నవాడు మరెందుకు? ఒకసారి ఆ మాటే అడిగాను.

"బావగారు రేపటికి ఇంటికొచ్చీస్తారక్కా," అంది. "నువ్వు చెప్పింది ఇంట్లో కూర్చుని మోస్తారు. ఈయన కొండ మీద తుపాకీ పట్టుకుని మోయాల. అక్కడ ఒక్క అడుగు తప్పు పడితే కింద మనిషి దొరకడట. ఆ అడుగు నా మాట వల్ల పడకూడదు."

ఇది ఆవిడ సొంత తెలివి కాదు. పెళ్లయిన కొత్తలో రెండేళ్లు భర్తతో ఫౌజు క్వార్టర్లలో ఉన్నప్పుడు అక్కడి పెద్ద ఆడవాళ్ళు నేర్పిన పద్ధతి. పైనున్న మనిషికి మంచే చెప్పాలి, చెడ్డ ఏదైనా ఉంటే ఛుట్టీకి వచ్చినప్పుడు చెప్పాలి. ఆ వీధి వీధంతా అలాగే నడుచుకునేదట. ఆవిడ మొదటి సగం బాగా నేర్చుకుంది, రెండో సగం దగ్గరే వెనకబడింది.

ఊతపదం ఒకటుండేది, "అదేటీ కాదు" అని. జ్వరమేటే అంటే అదేటీ కాదు. కళ్ళు వాచాయేటే అంటే అదేటీ కాదక్కా, ఉల్లిపాయలు. ఆవిడ చేతకాదన్న పని నేను చూడలేదు. ట్యాంకు మీదికెక్కి ఫ్లోటు మార్చేది. మావగారిని పాత మోపెడ్ వెనకాల కూర్చోబెట్టి, పడిపోకుండా చున్నీతో తన నడుముకు కట్టుకుని దయాల్‌బంద్ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళేది. అలాంటి మనిషి, భర్త ఛుట్టీకి వచ్చాడంటే ఏమీ రానిదైపోయేది. గ్యాస్ రెగ్యులేటరు ఎటు తిప్పాలో కూడా మరిచిపోయేది. ఆయన రావడానికి నెల ముందునుంచీ ఇంట్లో చెడిపోయినదేదీ బాగుచేసేది కాదు. తలుపు కిర్రుమన్నా, కొళాయి కారినా అలాగే ఉంచేది.

"ఆయనొచ్చి చేస్తారక్కా. చేతికి పనుంటే మగాడికి ఇల్లు తనదనిపిస్తాది," అనేది.

ఆయనా ఈల వేసుకుంటూ చేసేవాడు. పనులు అయిపోయేసరికి ఛుట్టీ కూడా అయిపోయేది.

ఇక ఆ రోజు సంగతి. ఒక ఛుట్టీ అయి ఆయన తిరిగి వెళ్ళాక ఆవిడ నెల తప్పింది. మూడో నెల దాటేదాకా ఎవరికీ చెప్పకూడదని మనవాళ్ళ పట్టింపు కదా, ఆయనకూ చెప్పలేదు. వాంతుల చప్పుడు మా ఇంట్లోకి వినిపించేది కాబట్టి నాకు మాత్రం చెప్పక తప్పలేదు. నాలుగో నెల వచ్చింది. ఫలానా ఫోనులో చెప్తానని రోజు కూడా అనుకుంది. సరిగ్గా ఆ రోజు పొద్దున్నే రక్తం కనపడింది. ఆటోలో నేనే ఆస్పత్రికి తీసుకెళ్ళాను. బిడ్డ దక్కలేదు. మధ్యాహ్నం దాటాక పంపించేశారు. ఇంటికి తెచ్చి పడుకోబెట్టి, జావ కాచి తెచ్చేసరికి మంచం మీద లేదు. స్టూలు మీద కూర్చుని పౌడరు అద్దుకుంటోంది.

"ఏటే ఇది? ఒళ్ళు తెలుస్తందా నీకు?" అన్నాను.

"ఇవాళ ఆయన ఫోను వరసక్కా. ఎత్తకపోతే ఏటయిపోయిందోనని వారమంతా అదే ఆలోచిస్తారు."

ఒక చేత్తో స్టూలు అంచు పట్టుకుని, ఇంకో చేత్తో ఫోను పట్టుకుని చాలాసేపు మాట్లాడింది. నేను వంటింటి గుమ్మంలో గ్లాసుతో నిలబడి విన్నాను. పిల్ల స్కూల్లో పాట పాడిన సంగతి చెప్పింది. అవతల ఆయన ఏదో అన్నాడు, నవ్వింది. ఫోను పెట్టేశాక కూడా ఆ నవ్వు కాసేపు మొహం మీద అలాగే ఉండిపోయింది. నాకు ఏడుపొచ్చింది, ఆవిడకు రాలేదు. నా చెయ్యి పట్టుకుని, "ఆయనకి నేనే చెప్తాను. నువ్వు చెప్పకు. ఒట్టు వెయ్యి," అంది. వేశాను.

తరవాతి ఛుట్టీలో ఆయన వచ్చి వెళ్ళాక, చెప్పావా అని అడిగాను.

"ఇప్పుడు చెప్తే మూట కట్టుకుని పైకి మోసుకెళ్తారక్కా. పెన్షను మీద వచ్చీసినాక చెప్తాను."

ఆ మాటా సబబుగానే తోచింది. నోట్లో నువ్వుగింజ నానని నేను, దాన్ని మూడేళ్లు దాచాను. ఆ ఒక్క సంగతీ నా పక్షాన రాసుకుంటున్నాను.

ఆయన పెన్షను మీద వచ్చేశాడు. కట్నీ వైపు నుంచి వచ్చే బండి ఉస్లాపూర్‌లోనే ఆగుతుంది. నల్ల ట్రంకుపెట్టె భుజాన పెట్టుకుని ఇంటికి నడిచే వచ్చాడు. వీధిలో హారతులిచ్చారు, మిఠాయి పంచారు. నాలుగు రోజుల తరవాత పిల్ల వంటింట్లో తల్లిని, "మమ్మీ, పాపా కబ్ జాయేంగే?" అని అడిగింది. నాన్న ఎప్పుడు వెళ్తారని. పదమూడేళ్ల పిల్ల, పొగరుతో అన్నది కాదు. దానికి తెలిసిన నాన్న వెళ్ళిపోయే మనిషే. ఆ మాట ముందు గదిలో ఉన్న ఆయనకు వినపడింది.

పది రోజుల్లో ఇంట్లో దాచి ఉంచిన పనులన్నీ అయిపోయాయి. పదకొండో రోజు మధ్యాహ్నం పెరటి గోడ మీంచి చూస్తే, ఆవిడ పానా పెట్టి కొళాయి తిప్పుతోంది.

"ఏటి చేస్తన్నావే?"

"నెమ్మదిగా మాటాడక్కా. వదులు చేస్తన్నాను. ఆయన బజారుకెళ్ళారు. వచ్చీసరికి కారాల."

నేను విరగబడి నవ్వాను. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయాను, ఎందుకంటే ఆవిడ నవ్వడం లేదు.

"పనిలేక కూర్చుంటే అన్నీ వెతుకుతన్నారక్కా," అంది.

నిజమే. ఇన్నేళ్లూ ఆయన చూసిన ఇల్లు నాలుగడుగుల నీలం గోడ. ఛుట్టీల్లో చుట్టంలా వచ్చి వెళ్ళేవాడు కనక మిగతాది కంటబడినా పట్టలేదు. ఇప్పుడు తీరిగ్గా చూడడం మొదలుపెట్టాడు. పిల్ల ఏటేటా లెక్కల్లో తప్పుతోందని మార్కుల కార్డుల్లో చూశాడు. తండ్రికి రెండోసారి కూడా పక్షవాతం వచ్చి వారం రోజులు ఆస్పత్రిలో ఉన్నారని మందుల చీటీల్లో చూశాడు. దొరికినదల్లా ఆవిడ ముందు పెట్టి "ఇదేటి?" అనేవాడు. ఆవిడ "అదేటీ కాదండి" అనేది. ఆ మాట అనకూడదని ఆవిడకూ తెలుసు, అలవాటుగా వచ్చేసేది. ఆయన చెడ్డవాడని నేననను. తాగడు, చెయ్యెత్తడు. కానీ స్కూలు ఎలా ఉందని పిల్లను అడిగి, అది బాగుందంటే, "నిజం బాగా, ఫోను బాగా?" అనేవాడు. పిల్ల గతుక్కుమని తల్లి వైపు చూసేది. ఆ చూపు చూస్తే ఆయనకు ఇంకా మండేది. ఆ ఇంట్లో ఎవరు ఏ మాటన్నా ఆయనకు నమ్మకం లేకుండా పోయింది, అదీ అసలు జబ్బు.

"చెప్పీవే," అన్నాను ఆవిడతో. "అన్నీ తవ్వుతన్నాడు. అది కూడా ఏదో కాగితంలో దొరుకుతాది."

"ఈ ఎండాకాలం పోనీ అక్కా. కాస్త కుదురుకోనీ. నా నోటితో నేనే చెప్పాల."

ఎండాకాలం పోలేదు. ఒక ఆదివారం పనసపొట్టు కూర చేసి గిన్నె పట్టుకుని వెళ్ళాను. పిల్ల ట్యూషనుకు వెళ్ళింది, మావగారు లోపల నిద్రపోతున్నారు. ఆయన బీరువాలోని కాగితాలన్నీ మంచం మీద పరుచుకుని కూర్చున్నాడు. ఆవిడ టీ తెస్తోంది.

"రండి వదినా, మీరే చెప్పండి," అన్నాడు. "నాన్నకి రెండోసారి వచ్చిన సంగతి పక్కింటివాళ్ళకి తెలుసు, మందులషాపువాడికి తెలుసు, ఆటోవాడికి తెలుసు. నాకే తెలీదు. అక్కడ నేను మంచులో నిలబడి మా ఇల్లు బాగుంది అనుకుంటన్నాను, ఇక్కడ వీళ్ళు నాటకమాడినారు. వీళ్ళకేటి కష్టం? ఫ్యాన్ కింద కూర్చుని, పౌడరు రాసుకుని నవ్వడమే కదా."

ఆవిడ గ్లాసు నాకు అందించింది. నేనే ఊరుకోలేకపోయాను. పౌడరు అన్న మాట దగ్గర నాకు తల తిరిగిపోయింది.

"నీకేటి తెలుసు బాబూ," అన్నాను. "ఆ పౌడరు రాసుకుని నీతో నవ్విన పూటకి, దాని కడుపులో నీ బిడ్డ పోయి ఆరు గంటలు కూడా కాలేదు."

అనేశాను. ఇప్పటికీ ఆ మాట తిరిగి నోట్లోకి తీసుకునే దారి ఉంటే చెప్పండి, ఏదైనా ఇచ్చుకుంటాను.

ఆయన ఆవిడ వైపు చూడలేదు. నన్నే చూస్తూ, "ఎప్పుడు?" అన్నాడు. చెప్పాను. "ఎన్నో నెల?" చెప్పాను. "ఎవరు తీసుకెళ్ళారు?" నేనే అన్నాను. కోర్టులో సాక్షిలా అడిగిందానికల్లా జవాబు చెప్పుకుంటూ పోయాను, ఆపడం చేతకాలేదు. ఆవిడ మా ఇద్దరి మధ్య ఖాళీ పళ్ళెం పట్టుకుని నిలబడింది. ఆయన కాగితాలన్నీ సర్ది బీరువాలో పెట్టి తలుపు వేసి, చెప్పులు వేసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

"నువ్వు ఇంటికెళ్ళక్కా," అంది. కోపం లేదు. మెత్తగా, తీరికగా అంది. నాతో ఆవిడ ఫోను గొంతుతో మాట్లాడడం అదే మొదలు.

మర్నాడు నా కూర గిన్నె కడిగి పిల్ల చేత పంపింది. గిన్నె ఖాళీగా ఇవ్వకూడదని అడుగున కాస్త పంచదార కూడా వేసింది. పదేళ్లలో అంత మర్యాద మా ఇద్దరి మధ్య ఎన్నడూ లేదు. గేటు దగ్గర కనపడితే ఎలాగున్నావే అనేదాన్ని. "బాగున్నాం అక్కా. బావగారు బాగున్నారా?" అనేది. అక్కడితో సరి. గోడ అవతల దెబ్బలాటలు ఆగిపోయాయి. మొదట్లో సంతోషించాను కూడా, పోనీ నా పాడునోటి వల్ల మంచే జరిగిందని. తరవాత గమనించాను, దెబ్బలాటలతో పాటు మాటలు కూడా ఆగిపోయాయని. కొళాయి కారితే ఆవిడే బాగుచేసుకునేది.

ఏడాది తిరక్కుండా మావగారు నిద్రలోనే పోయారు. ఆవిడ భర్తకు విశాఖ దగ్గర ఏదో ఫ్యాక్టరీలో సెక్యూరిటీ ఉద్యోగం దొరికింది. ఇల్లు అద్దెకిచ్చి బయల్దేరారు. సామాను బుక్ చెయ్యాలంటే మా ఆఫీసుకే రావాలి కదా. మోపెడ్‌లో పెట్రోలు తీయించి, గోనె చుట్టించి, ఆయన బయట హమాలీలతో ఉన్నాడు. బిల్టీ మీద, అదే సామాను రసీదు మీద, సంతకం పెట్టడానికి ఆవిడ లోపలికి వచ్చింది. నా బల్ల ముందు నిలబడింది. ఇక మళ్ళీ దొరకదని తెలిసి అడిగేశాను.

"నన్ను క్షమించవే. నా నోరు మంచిది కాదు."

"నువ్వు అబద్ధం చెప్పలేదు కదక్కా."

"మరి ఏడాదిగా నాతో మాటాడవేటే?"

ఎన్నాళ్ళకో, ఆ బొంగురు గొంతుతో మాట్లాడింది.

"మూడేళ్ళు మాటలు కూర్చుకున్నానక్కా. ఏ పూట చెప్పాల, దేంతో మొదలెట్టాల, పిల్లని ఎక్కడికి పంపాల అని. ఆయన ఏడుస్తారని నాకు తెలుసు. నేను కూడా అప్పుడే ఏడుద్దామని ఆపుకున్నాను. ఆస్పత్రిలో ఏడవలేదు, నువ్వు చూసినావు. నువ్వు దెబ్బలాటలో చెప్పీసినావు. దెబ్బలాటలో విన్న మనిషి ఏటి చేస్తాడు, ఓడిపోయినట్టు తలొంచుకుంటాడు. అప్పట్నుంచి నన్ను ఒక్క మాట అన్లేదు. నేను ఏడుద్దామంటే ఆయన్ని దెప్పినట్టుంటాది. ఆయన అడుగుదామంటే నన్ను నిలదీసినట్టుంటాది."

నేను వేలు పెట్టి చూపించిన చోట సంతకం పెట్టింది. బయట ఆయన పేరు పెట్టి పిలుస్తున్నాడు, బండి వేళయిందని.

"ఆ బిడ్డ కోసం మేమిద్దరం ఇంకా ఏడవలేదక్కా," అని, బిల్టీ మడిచి సంచిలో పెట్టుకుని, ఆయన దగ్గరికి వెళ్ళింది.